రోజుకో గోరు

గోళ్ల కట్టర్ కనబడితే చాలు, మంచం కిందికి దూరే కుక్కలు లేని అపార్ట్‌మెంటు ఉండదు. నలుగురు కలిసి అదిమిపట్టి పని కానిచ్చేయాలని చాలామంది అనుకుంటారు. జంతువుల ప్రవర్తన తెలిసినవాళ్లు చెప్పే దారి వేరు. అందులో బలంతో పనిలేదు, తొందర అసలే పనికిరాదు.

ఆదివారం ఉదయం. బాల్కనీలో పాత దుప్పటి పరిచారు. నాన్న చేతిలో కొత్త నెయిల్ కట్టర్. పెద్దోడు ముందుకాళ్లు పట్టుకోవాలి, చిన్నోడు నడుం పట్టుకోవాలి, అమ్మ ఎదురుగా కూర్చుని బిస్కెట్ చూపిస్తుండాలి. ఏర్పాట్లకు లోటు లేదు. "గట్టిగా పట్టుకోరా, కదలనీయకు" అని నాన్న. "పాపం, వదిలెయ్యండీ, దానికి నొప్పెడుతున్నట్టుంది" అని అమ్మ. "ఇంకొక్కటే, ఇంకొక్కటే" అంటుండగానే మూడో గోరు దగ్గర కుక్క కెవ్వుమంటుంది. తెల్లటి టైల్స్ మీద ఎర్రటి చుక్కలు. నలుగురి చేతులూ ఒక్కసారిగా వదులవుతాయి, కుక్క సోఫా వెనక్కి మాయమవుతుంది. మిగతా గోళ్లు మిగిలే ఉంటాయి. వచ్చే నెల కట్టర్ ఉన్న సొరుగు లాగిన చప్పుడుకే అది ఇల్లు విడిచి పారిపోయే ప్రయత్నంలో ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎలా పట్టుకోవాలి? ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. గోళ్లన్నీ ఈరోజే, ఈ గంటలోనే అయిపోవాలని ఎవరు చెప్పారు? కుక్క భయంలో సగం మన తొందర వల్ల పుట్టిందే. ఎలాగో చూద్దాం.

గోరు లోపల ఏముంది?

కుక్కకు సాధారణంగా 18 గోళ్లు. నాలుగు పాదాలకు నాలుగేసి చొప్పున పదహారు, ముందుకాళ్ల లోపలి వైపు కాస్త పైన, మన బొటనవేలి స్థానంలో మరో రెండు. ఈ పై గోళ్లను డ్యూక్లా అంటారు. గ్రేట్ పైరనీస్ లాంటి కొన్ని జాతులకు వెనకకాళ్లకు కూడా ఇవి జంటగా ఉంటాయి. డ్యూక్లా నేలకు తగలదు, కాబట్టి అరగదు. పట్టించుకోకపోతే గుండ్రంగా మెలితిరిగి, కుక్క చర్మంలోకే గుచ్చుకుంటుంది. షిట్జు, పొమేరియన్ లాంటి బొచ్చు కుక్కల్లో ఆ సంగతి అది కుంటడం మొదలుపెట్టేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు.

కుక్క గోరు వేలి చివరి ఎముకను కప్పుకుని పెరుగుతుంది. పైన గట్టి కెరటిన్ పెంకు, లోపల రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తటి భాగం. డాక్టర్లు, గ్రూమర్లు దీన్ని క్విక్ అంటారు. కట్టర్ దానికి తగిలితే రక్తమూ వస్తుంది, నొప్పీ పుడుతుంది. తెల్ల గోళ్లలో క్విక్ గులాబీ రంగులో బయటికే కనబడుతుంది. దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆగితే సరిపోతుంది. నల్ల గోళ్లతోనే చిక్కు. వాటిని ఒక్క దెబ్బకు కోయకుండా పల్చటి పొరలుగా తీసుకుంటూ, ప్రతి పొరకూ కోసిన చోటును చూడాలి. మొదట్లో అది పొడిగా, తెల్లటి పెళుసుగా ఉంటుంది. క్విక్ దగ్గరపడేకొద్దీ మధ్యలో తేమగా మెరిసే ముదురు చుక్క తేలుతుంది. చుక్క కనబడిందంటే ఆ గోటికి ఆ రోజుకు పని ముగిసినట్టే.

ఇంకో సంగతి. గోరును పెరగనిస్తే లోపలి క్విక్ కూడా దాని వెంటే ముందుకు వస్తుంది. అందుకే ఆరు నెలలు వదిలేసిన గోరును ఒక్క పూటలో పొట్టి చేయడం ఎంత నేర్పరికైనా సాధ్యం కాదు. అదే గోరును కొద్దికొద్దిగా, తరచుగా తీస్తూ పోతే క్విక్ మెల్లగా వెనక్కి తగ్గుతుంది. కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ చేయడమన్నది కుక్క మనసుకే కాదు, దాని గోటి నిర్మాణానికీ సరిపడే పద్ధతి.

నున్నటి నేలల మీద

వీధి కుక్కలకు ఎవరూ గోళ్లు తీయరు. తారు రోడ్డు, సిమెంటు, రాళ్లు ఆ పని చేసిపెడతాయి. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో కనిపించే జోనంగి కుక్కలకు నేల తవ్వి గుంటలో పడుకునే అలవాటు ఉంది. వాటి గోళ్లకు రోజూ పనే. మూడో అంతస్తు ఫ్లాట్‌లో, విట్రిఫైడ్ టైల్స్ మీదో గ్రానైట్ మీదో బతికే ల్యాబ్రడార్‌కు ఆ అవకాశం లేదు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట లిఫ్టు దిగి వెళ్లే నడకతో గోరు అరిగేది తక్కువ.

పిల్లిలాగా కుక్క గోళ్లను లోపలికి ముడుచుకోలేదు. గోరు నేలకు తగిలే పొడవు పెరిగాక అడుగు వేసిన ప్రతిసారీ నేల దాన్ని, అది వేలిని వెనక్కి నెడతాయి. వేళ్లు విచ్చుకుపోతాయి. నేలను పట్టుకోవాల్సిన పాదం మెత్తలు సరిగ్గా ఆనవు. నున్నటి గచ్చు మీద కుక్క జారుతుంది. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు ఇది మరీ కష్టం. లేవడానికే జంకుతుంది, మనమేమో వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం. కుక్కను చదును నేల మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. నిలబడి ఉన్నప్పుడు గోటి మొన నేలను తాకుతుంటే తీయాల్సిన వేళయిందని అర్థం. నడుస్తుంటే హాలంతా టకటకలు వినిపించడం మరో గుర్తు.

వరుస తప్పితే బిస్కెట్ కూడా శత్రువే

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనలకు. జనానికి గుర్తున్నది మాత్రం ఆయన ప్రయోగశాలలోని కుక్కలు. తిండికి ముందు ఒక సంకేతం వస్తుందని తెలిశాక, తిండి ఇంకా రాకుండానే, ఆ సంకేతానికే వాటికి నోరూరేది. మన ఇళ్లలో జరిగేదీ ఇదే, తలకిందులుగా. సొరుగు చప్పుడు, కట్టర్, దుప్పటి, ఆపైన నొప్పి. రెండుసార్లు జరిగితే చాలు, నొప్పి దాకా పోనక్కర్లేదు, సొరుగు చప్పుడుకే గుండె దడ మొదలవుతుంది.

ఇక్కడే మంచి మనసున్నవాళ్లు కూడా పొరపడతారు. ముందు బిస్కెట్ చూపించి పిలుస్తారు, దగ్గరికి రాగానే పట్టుకుని కట్టర్ తీస్తారు. నాలుగు రోజులకు కుక్క బిస్కెట్‌నే అనుమానించడం నేర్చుకుంటుంది. కంగారుపడాల్సిన పనికి బిస్కెట్ సంకేతమైపోయింది మరి. వరుస తిరగేయాలి. ముందు కట్టర్ కనబడాలి, ఆ తర్వాతే, ఒక క్షణం ఆగి, రుచికరమైన ముక్క రావాలి. కట్టర్ దాచగానే ముక్కలూ ఆగిపోవాలి. కొన్నాళ్లకు కట్టర్ కనబడగానే కుక్క మీ చెయ్యి వైపు ఆశగా చూడడం మొదలుపెడుతుంది. పావ్లోవ్ కుక్కల పాఠం అప్పుడు మన వైపు పనిచేస్తున్నట్టు.

ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనా?

"మా వాడు మొదట్లో గింజుకునేవాడండీ, ఇప్పుడు కదలకుండా పడుంటాడు" అని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ఈ మాట విన్నప్పుడు గుర్తుకు రావాలి. ఏం చేసినా తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కల్లో చాలా వాటిని తర్వాత, తప్పించుకునే దారి ఉన్న పెట్టెలో ఉంచినా, అవి ఆ ప్రయత్నమే చేయలేదు. మూలుగుతూ అక్కడే పడి ఉన్నాయి. ఇవాళ ఎవరూ అంగీకరించని క్రూరమైన ప్రయోగమది. కానీ కదలకపోవడం శాంతికి రుజువు కాదని మనిషికి తెలిసింది ఆ కుక్కల వల్లే.

కల్యాణకట్టలో పిల్లాడు ఎంత ఏడ్చినా ఒడిలో అదిమి పుట్టువెంట్రుకలు తీయించేస్తాం, గంటకు వాడు లడ్డూ తింటూ నవ్వుతుంటాడు. అది ఒక్కసారితో పోయే ముచ్చట. కుక్క గోళ్లు నెలనెలా పెరుగుతాయి, నెలనెలా అదిమిపెట్టాలి, నెలనెలా భయం అప్పులా పెరుగుతుంది.

భయాన్ని కుక్క చాలా ముందే చెబుతుంది, మనమే చదవం. ఆకలి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, కళ్లలో తెల్లగుడ్డు అంచు కనబడేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి, తోక కాళ్ల మధ్యకు. ఎండ లేకపోయినా రొప్పడం. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదం మెత్తల్లోనే. అందుకే బాగా భయపడితే టైల్స్ మీద తడి అడుగులు కనబడతాయి. ఒళ్లంతా బిగుసుకుపోవడం, గుర్రుమనడం ఆఖరి హెచ్చరికలు. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. కొడితే భయం పోదు, హెచ్చరించడం మానేస్తుంది. ఆ తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

పీటర్, కుందేలు, ఒక పిల్లి

1924లో అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ ఒక పరిశోధన ప్రచురించారు. పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లాడికి కుందేలంటే వణుకు. వాడు ఇష్టమైనది తింటుండగా, బోనులో ఉన్న కుందేలును వాడికి ఇబ్బంది కలగనంత దూరంలో ఉంచారు. రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త దగ్గరికి జరిపారు. చివరికి పీటర్ ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరే దాకా వచ్చాడు. దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పే పిల్లుల మీద ఇదే దారిలో నడిచాడు. తమకు షాకులు తగిలిన బోనులో ముద్ద ముట్టని పిల్లులకు, ఆ బోను ఉన్న గదికి పోలిక లేని గదుల్లో మొదలుపెట్టి, పోలిక పెంచుకుంటూ తిండి పెట్టాడు. 1958లో వచ్చిన ఆయన పుస్తకంతో ఈ పద్ధతి మనుషుల వైద్యంలోకీ వెళ్లింది. భయపడే కుక్కల శిక్షకులు ఈరోజు చేస్తున్నది ఇదే.

దీనికి ముందుగా తిండి. కుక్క రోజూ తినే గింజలు ఇక్కడ పనిచేయవు. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న చిన్న ముక్కలు పనిచేస్తాయి. శాకాహారుల ఇళ్లలో పనీర్. గట్టి పెరుగును స్టీలు పళ్లానికి పల్చగా పూసి పెడితే కుక్క నాకుతూ ఉంటుంది, నాకడం దాన్ని కుదుటపరుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం కుక్కకు విషం. పల్లీ వెన్న పెట్టేట్టయితే డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం పేరు లేదని చూసుకోవాలి. అదీ విషమే.

తర్వాత మెట్లు. భుజం మీద చెయ్యి, ముక్క. చెయ్యి మోచేతి దాకా జారింది, ముక్క. పాదం మీద ఒక్క క్షణం, ముక్క. పాదం ఎత్తడం, వేలు పట్టుకోవడం, ఒక్కో గోరునూ విడిగా తాకడం. ఇంకోపక్క, వేరే సమయంలో, కట్టర్‌ను గది అవతల నేల మీద పెట్టి ముక్క. కట్టర్ చేతిలో, ముక్క. కట్టర్ 'టక్'మన్న చప్పుడుకు ముక్క. ఇక్కడో చిట్కా. వంటకు వాడే ఎండు స్పగెట్టీ పుల్లను కుక్క దగ్గర కట్ చేస్తే గోరు తెగిన చప్పుడే వస్తుంది, గోరు మాత్రం తెగదు. ఇవన్నీ సాఫీగా సాగాక ఆ రెండు దారులనూ కలపాలి. కట్టర్ గోటికి తాకింది, కోయలేదు, ముక్క. ఏ మెట్టు దగ్గరైనా కుక్క పెదాలు నాక్కుంటే, కాలు లాక్కుంటే, తిండి వద్దంటే రెండు మెట్లు దిగాలి. మూడు నాలుగు నిమిషాలకు మించి సాగదీయకూడదు.

బ్రిటన్‌కు చెందిన శిక్షకుడు చిరాగ్ పటేల్ ప్రచారంలోకి తెచ్చిన 'బకెట్ గేమ్' ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ముక్కలున్న చిన్న డబ్బాను కుక్క ఎదురుగా పెడతారు. కుక్క దాన్నే చూస్తున్నంతసేపు పని సాగుతుంది, చూపు తిప్పుకుంటే అదే క్షణం ఆగిపోతుంది. చూపు తిప్పి పని ఆపించగలనని తెలిసిన కుక్కకు పారిపోవాల్సిన అవసరం తగ్గుతుంది. డాల్ఫిన్లు రక్తపరీక్షకు తోకను తామే అందించేలా సముద్ర జీవుల పార్కుల్లో ఇచ్చే శిక్షణ వెనక ఉన్నదీ ఇదే సూత్రం. రెండు వందల కిలోల జంతువును నీళ్లలో అదిమిపట్టుకోవడం కుదరని పని కాబట్టి, మనిషి మర్యాద నేర్చుకోక తప్పలేదు.

ఇక ఆ మొదటి గోరు

ఒక్క గోరు కోయండి. దోసెడు ముక్కలు పెట్టండి. కట్టర్ లోపల పెట్టేయండి. "మంచిగా ఉంది కదా, ఇంకొకటి తీసేద్దాం" అన్న ఆశే అంతదాకా చేసిన పనిని చెడగొడుతుంది. రోజుకో గోరు చొప్పున 18 రోజుల్లో ఒక విడత పూర్తవుతుంది. నెలలో మిగిలిన రోజులు పాదాలు తాకి ముక్కలు పెట్టడానికి. నెల తిరిగేసరికి మొదటి గోరు మళ్లీ సిద్ధంగా ఉంటుంది. కుక్క తానుగా పాదం చాపే రోజు వచ్చాక రెండు, నాలుగు, ఒక పాదం మొత్తం.

పట్టుకునే తీరులోనూ నొప్పి దాగి ఉంటుంది. కాలిని పక్కకు లాగకండి, కీలు అటు తిరగదు. ముందుకాలిని మోచేతి దగ్గర మడిచి వెనక్కి, ఒంటికి ఆనించి ఎత్తాలి. వేలిని బొటనవేలితో, చూపుడు వేలితో మెత్తగా పట్టుకోవాలి, పిసకకూడదు. వేళ్ల సందుల్లో బొచ్చు ఉంటే పక్కకు తీసుకోవాలి, అది కట్టర్‌లో ఇరుక్కుంటే మంట పుడుతుంది. మొద్దుబారిన కట్టర్ కోయకుండా నలుపుతుంది, కాబట్టి పదును చూసుకోవాలి. పాదం చూసే అలవాటుతో మరో లాభం, వేళ్ల మధ్య దాక్కున్న గోమార్లు, గుచ్చుకున్న పల్లేరుకాయలు ముందే దొరుకుతాయి.

కట్టర్ అంటే ససేమిరా పడని కుక్కలకు ప్రత్యామ్నాయాలున్నాయి. గోటిని కొద్దికొద్దిగా అరగదీసే చిన్న గ్రైండర్లు పెట్ షాపుల్లో దొరుకుతాయి. వాటి రొద మనకు చిన్నదే. 20 వేల హెర్ట్జ్ దాకా వినే మన చెవులెక్కడ, సుమారు 45 వేల హెర్ట్జ్ దాకా వినే వాటి చెవులెక్కడ! కాబట్టి గ్రైండర్‌కూ అవే మెట్లు. ఒకే చోట ఎక్కువసేపు ఆనిస్తే గోరు వేడెక్కుతుంది. ఇంకా చవకైనది చెక్కపలక. వడ్రంగులు వాడే ఉప్పు కాగితాన్ని పలకకు అంటించి ఏటవాలుగా పట్టుకుని, కుక్కకు షేక్‌హ్యాండ్ నేర్పినట్టే గీకడం నేర్పాలి. గీకితే ముక్క. ముందుకాళ్ల గోళ్లు కుక్క తనే అరగదీసుకుంటుంది. డ్యూక్లా మాత్రం మీకే మిగులుతుంది.

రక్తం వస్తే

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు క్విక్ తెగుతుంది. కేకలు పెట్టొద్దు, మీ కంగారు కుక్కకు అంటుకుంటుంది. రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ ఉంటే చిటికెడు గోటి మొనకు అద్ది నొక్కి పట్టాలి. లేకపోతే వంటింట్లోని కార్న్‌ఫ్లోర్‌తో సరిపెట్టుకోవచ్చు. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా నొక్కితే మామూలుగా ఆగిపోతుంది. అది ఆగాక ఆ రోజుకు ఇంకో గోరు జోలికి పోవద్దు.

ఎంతకీ ఆగకపోతే గోటి సంగతి పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం కుక్కల్లో తరచుగా కనిపిస్తుంది. అది రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. గోటి నుంచి ఆగని రక్తం ఆ జబ్బుకు తొలి సూచన కావచ్చు. డాబర్‌మాన్లలో రక్తం గడ్డకట్టని జన్యులోపం, వాన్ విల్లెబ్రాండ్ జబ్బు, ఎక్కువ. ఇంకో మాట, ఇన్నాళ్లూ కాలు ఇచ్చిన కుక్క ఉన్నట్టుండి ఇవ్వనంటే అది మొండితనం కాకపోవచ్చు. కీళ్లనొప్పి, గోటి మొదట్లో చీము, వేళ్ల మధ్య పుండు, వీటిని చూడాలి. నొప్పికి వైద్యం చేయకుండా శిక్షణ మొదలుపెట్టకూడదు.

భయం మరీ ముదిరిన కుక్కకు మందుల సాయం తీసుకోవడం తప్పేమీ కాదు. గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలను ముందే ఇచ్చి తీసుకురమ్మని పశువైద్యులు చెబుతుంటారు, మోతాదు బరువును బట్టి వాళ్లే నిర్ణయించాలి. ఒకప్పుడు విరివిగా వాడిన ఏసిప్రొమజిన్ ఒక్కటే ఇస్తే ఒళ్లు సోలిపోతుంది, లోపల భయం అలాగే ఉండొచ్చు. కుక్క కదల్లేదని మనం మురిసిపోతాం, అది మాత్రం అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం మీరుగా ఎప్పుడూ వేయొద్దు. గోళ్లు చర్మంలోకి దిగిన పరిస్థితిలో మత్తు ఇచ్చి ఒక్కసారే తీయించి, ఆ తర్వాత తీరిగ్గా శిక్షణ మొదలుపెట్టడం కుక్కకు మేలు చేసే పని.

గ్రూమర్‌కు అప్పగించే ముందు రెండు ప్రశ్నలు అడగండి. నేను పక్కన ఉండొచ్చా? కుక్క బెదిరితే ఆపేస్తారా, పూర్తి చేసే పంపుతారా? జవాబును బట్టి మనిషి తెలుస్తాడు.

కరిచే స్వభావముంటే బుట్ట ఆకారపు మజిల్ (మూతి తొడుగు) మంచిది, దాంతో నోరు తెరిచి రొప్పగలదు, ముక్కలూ తినగలదు. దాన్ని కూడా తిండితోనే అలవాటు చేయాలి. పిల్లల్ని కాళ్లు పట్టుకోమనకండి. ఎంత ముద్దుగా పెంచుకున్న కుక్కదైనా పన్ను దిగినా, గోరు గీరుకున్నా సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రేబీస్ వ్యాక్సిన్ కావాలా, దాంతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అవసరమా అన్నది డాక్టర్ తేలుస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఇందుకు పేరున్న చోటు.

కూన ఇంటికొచ్చిన రోజే

జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో వెలువరించిన ప్రసిద్ధ పరిశోధన ప్రకారం కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా స్వీకరించే కాలం దాదాపు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా. కూన ఎనిమిది వారాలకు మీ ఇంటికి చేరితే మీ చేతిలో మిగిలింది నెలే. ఆ నెలలో రోజూ ఒకసారి పాదం పట్టుకుని, గోరు తాకి, కట్టర్ చప్పుడు వినిపించి ముక్క పెడితే ఇంతసేపు చెప్పుకున్న తంటాల్లో చాలా వరకు ఉండవు. పెద్ద కుక్కకూ ఆలస్యమైందని అనుకోనక్కర్లేదు. నెల బదులు రెండు మూడు నెలలు పడుతుంది, అంతే.

కుక్క పన్నెండేళ్లు బతుకుతుందనుకుంటే, నెలకో విడత చొప్పున 144 విడతలు, విడతకు 18 చొప్పున 2,592 గోళ్లు. మొదటి గోటికే నెల పట్టినా మిగతా 2,591 తేలిగ్గా తెగుతాయంటే అంతకన్నా చవక బేరం ఇంకేముంటుంది?